బొంతకు పనికొచ్చే చీర, చేను చుట్టూ కట్టే చీర

గంపలో స్టీలు గిన్నెలు పెట్టుకుని, పాత బట్టలకు మారుబేరం చేసే ఆడవాళ్ళు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ఆ బేరాన్ని కాసేపు నిలబడి చూస్తే బట్ట గురించి చాలా తెలుస్తుంది. ఇంటావిడ తెచ్చి పోసిన కుప్పను వాళ్ళు చేత్తో చూస్తారు. ప్యాంటును మోకాలి దగ్గర పట్టి గుంజుతారు, అంగీ కాలరు తిప్పేస్తారు, చీర అంచును రెండు వేళ్ళ మధ్య నలుపుతారు. సాధారణంగా రంగు పోని సింథటిక్ చీరకు, గట్టి ప్యాంటుకు గిన్నె లెక్కలోకి వస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడిన కాటన్ చీరను పక్కకు నెట్టేస్తారు. వాళ్ళ లెక్కలో తప్పేమీ లేదు. తీసుకున్నది ఇంకెవరో కట్టుకోవడానికి అమ్ముడుపోతేనే వాళ్ళకు రూపాయి మిగిలేది.

అయితే ఆ పక్కకు నెట్టిన చీరే ఇంటికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది. గిన్నె తెచ్చే చీరతో ఇంట్లో చేసుకోగలిగింది తక్కువ. బజారు విలువ, ఇంటి విలువ ఇక్కడ ఎదురెదురుగా నడుస్తాయి. పాత బట్టలతో ఏదైనా చేద్దామని కూర్చున్నవాళ్ళు ముందు పట్టుకోవాల్సిన కొస ఇదే.

ఈ పనికి ఈ మధ్య ‘అప్‌సైక్లింగ్’ అని పేరొచ్చింది. వీడియోలు చూస్తే ఇదంతా డిజైన్ విద్యలా కనిపిస్తుంది: ఇలా మడవండి, అలా కత్తిరించండి, పువ్వు కుట్టండి. వాటిలో సగం వస్తువులు మూడు నెలలు షోకేసులో కూర్చుని, మళ్ళీ చెత్తలోకే పోతాయి. పాత బట్ట ఏ వస్తువు అవుతుందో తేల్చేవి రెండు: అది ఏ పోగు, అందులో ఇంకా ఎంత బలం ఉంది. డిజైన్ ఆ తర్వాతి మాట.

పాత రోజుల్లో ఈ ప్రశ్నే రాలేదు, ఎందుకంటే ఇంట్లో ఉన్నదంతా నూలు బట్టే. చీర కట్టుడుకు పనికిరాకుండా పోయాక దాని రెండో బతుకు మొదలయ్యేది. మెత్తని భాగం పురిటి బిడ్డకు పొత్తిగుడ్డలు, కాస్త గట్టిగా ఉన్నది ఉయ్యాల. రెండు మూడు చీరలు కలిస్తే బొంత. వెడల్పాటి ముక్క మీద ఎండకాలంలో వడియాలు పెట్టేవారు, చింతపండు ఆరబోసేవారు. చిన్న ముక్క మెలిపెట్టి చుడితే బిందె కింద సుట్టబట్ట. ఇంకా చినిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ. చివరికి మిగిలిన పీలిక దీపంలో వత్తి. ఊరు విడిచి బొంబాయికో పుణెకో మేస్త్రీ వెంట పోయే పాలమూరు కూలీల ముల్లె కట్టడానికీ పాత చీరే దిక్కు. వీటిలో సుట్టబట్ట మాత్రం బట్ట మారినందువల్ల పోలేదు. మిషన్ భగీరథ నల్లా వాకిట్లోకి వచ్చి, నెత్తిన బిందె దిగాక దాని అవసరమే తగ్గింది. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిన నల్లగొండ పల్లెల్లో ఆ గుడ్డ పోయిందని బాధపడేవాళ్ళు ఎవరూ ఉండరు.

మిగతావన్నీ పోవడానికి కారణం మాత్రం బీరువాలోనే ఉంది. ఇప్పుడు రోజువారీ కట్టే చీరల్లో, నైటీల్లో, పిల్లల బట్టల్లో పాలిస్టర్ బాగా పెరిగింది. 2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు కూడా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ చీరలే. అమ్మమ్మకు తెలిసిన విద్య అంతా నూలు బట్ట మీద పుట్టింది, మనవరాలి ముందున్న కుప్పలో ఎక్కువ భాగం ప్లాస్టిక్ పోగు. విద్య అలాగే ఉండి సరుకు మారిపోతే వచ్చే తంటాలే ఇప్పుడు ఎదురవుతున్నాయి. నీళ్ళు పీల్చని తుడుపుగుడ్డ, చెమట పట్టే బొంత, టైల్స్ మీద జారే కాళ్ళపట్టా, ఇవన్నీ ఆ తంటాల సంతానమే.

పోగును పసిగట్టడం

ప్లాస్టిక్ పోగు అనడం తిట్టు కాదు, నిజంగానే అది ప్లాస్టిక్. మంచినీళ్ళ బాటిల్ ఏ పదార్థంతో చేస్తారో మామూలు పాలిస్టర్ దారం కూడా దానితోనే చేస్తారు. మామూలు గాలిలో పత్తి పోగు తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుని ఉంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. వేసవిలో ఒకటి హాయిగా, ఇంకొకటి ఉక్కగా ఉండటానికీ, ఒకటి నీళ్ళు తుడిచి ఇంకొకటి నీళ్ళను నేల మీద అటూ ఇటూ నెట్టడానికీ ఈ తేడాయే మూలం.

తెలుసుకోవడం కష్టమేం కాదు. బట్ట మీద ఒక నీటి చుక్క వేస్తే, చాలాసార్లు ఉతికిన కాటన్ వెంటనే పీల్చేస్తుంది, పాలిస్టర్ మీద చుక్క కాసేపు నిలబడుతుంది. ఇంకా అనుమానం ఉంటే అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ళ పళ్ళెం పెట్టి అంటించాలి. నూలు కాగితం కాలిన వాసనతో మండి, వేళ్ళ మధ్య నలిగే బూడిద అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, నల్లని గట్టి పూసలా గడ్డకడుతుంది. బూడిదా పూసా రెండూ కనిపిస్తే అది టెర్రీకాటన్. బడి యూనిఫాంలు, ఆఫీసు అంగీలు చాలావరకు ఈ కోవకే వస్తాయి.

ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోకూడని చోటు వంటిల్లు. వేడి గిన్నె దించడానికి పాలిస్టర్ గుడ్డ వాడితే ప్రమాదం. సుమారు 250 డిగ్రీల దగ్గర అది కరుగుతుంది, కరిగింది చేతికి అంటుకుంటుంది. నూలు గుడ్డ మాడుతుంది తప్ప కరగదు. అందంగా కుట్టి, లోపల పాత సింథటిక్ చున్నీ ముక్కలు కూరిన గిన్నెపట్టు కన్నా చినిగిన బనీను ముక్క వెయ్యి రెట్లు నయం. మసిగుడ్డకు డిజైన్ అక్కర్లేదు.

రెండోది బలం. బట్ట అంతా ఒకేలా అరగదు. చీర కింది అంచు కాళ్ళకు రాసుకుని ముందు పోతుంది, నడుము దగ్గర దోపిన చోట ఒత్తిడికి మెత్తబడుతుంది, లోపలి చుట్టు మాత్రం చాలాకాలం గట్టిగా ఉంటుంది. అంగీకి ముందు పోయేది కాలరు, కఫ్‌లు. వీపు భాగం కొత్తదానిలాగే మిగులుతుంది. ప్యాంటు తొడల దగ్గర, మోకాళ్ళ దగ్గర పలచబడ్డా పిక్కల భాగం దిట్టంగా ఉంటుంది. చెద్దరు నడుమ అరిగి, పక్కలు గట్టిగా మిగులుతాయి. అందుకే అరిగిన చెద్దరును నిలువునా రెండుగా చీల్చి, గట్టి అంచులు రెండూ నడుమకు వచ్చేలా కలిపి కుడితే ఇంకో రెండేళ్ళు వస్తుంది. నడుమ కుట్టు కాస్త తగులుతుంది, అంతే. రెండు బొటనవేళ్ళతో పట్టి అడ్డంగా లాగితే చర్రున చిరిగే ముక్కను ఏ సంచికీ పిడికీ వాడకూడదు. కానీ అలాంటి ముక్కకూ ఒక చోటుంది, అది బొంత కడుపు.

బొంత లెక్క

కర్ణాటక వైపు కౌది, మహారాష్ట్రలో గోధడి, బెంగాల్‌లో కాంథా, ఇక్కడ బొంత. నారాయణపేట దాటితే మాట మారుతుంది కానీ పని మారదు. పొరలు పొరలుగా పాత బట్టలు పరిచి, పొడుగు కుట్లతో అన్నిటినీ ఒకటి చేయడమే పని.

మామూలు చీర పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా ఒక మీటరు పదిహేను సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. పొడవును మూడు మడతలు వేస్తే ఒక్కో మడత సుమారు ఆరడుగులు. అంటే ఒక్క చీర మూడు పొరలు అవుతుంది, ఒక మనిషి పడుకునే కొలత దానంతట అదే వస్తుంది. రెండు చీరలకు ఆరు పొరలు. వేసవిలో డాబా మీద పరుచుకోవడానికి, చలికాలంలో చెద్దరు మీద కప్పుకోవడానికి ఇది చాలు. మూడో చీర కలిపితే తొమ్మిది పొరలై దబ్బనం దిగడం కష్టమవుతుంది, వేళ్ళు బొబ్బలెక్కుతాయి. మందం కావాలనే ఆశతో నాలుగైదు చీరలు వేసి, సగంలో వదిలేసిన బొంతలు చాలా ఇళ్ళ అటకల మీద ఉంటాయి.

వెచ్చదనం బట్ట బరువు నుంచి వస్తుందనుకోవడం సరికాదు. పొరల మధ్య చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. కుట్టు మరీ దగ్గరగా, మరీ బిగించి వేస్తే ఆ గాలికి చోటుండదు, బొంత అట్టలా బిర్రుగా అవుతుంది. మరీ దూరంగా వేస్తే ఉతికినప్పుడు లోపలి పొరలు జారి ఒక మూలకు ఉండలు కడతాయి. వరుసకూ వరుసకూ ఒకటిన్నర సెంటీమీటరు దూరం ఈ రెంటికీ మధ్య కుదిరే కొలత.

పొరలు పేర్చడంలోనే అసలు తెలివి ఉంది. గట్టి బట్ట పైకీ కిందికీ, బలం పోయింది నడుమకు. నడుమ పొర ఎవరికీ తగలదు, దేనికీ రాసుకోదు, కుట్లు దాన్ని అన్ని వైపులా పట్టి ఉంచుతాయి. అందుకే చీకిపోయిన చీర కూడా అక్కడ ఐదారేళ్ళు బతుకుతుంది. చీరలకు గంజి లేకుండా ఉతికి, ఫాల్ ఊడదీసి, జరీ అంచు కత్తిరించి పక్కన పెట్టాలి. జరీ సూదిని అడ్డగిస్తుంది, ఒంటికి గీరుకుంటుంది. గంజి మిగిలితే పురుగు వస్తుంది. నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, నడుమ నుంచి అంచుల వైపు పొడుగు టాకాలు వేసుకుంటూ రావాలి. అంచుల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడుమకు చేరతాయి, ఇక వాటిని తీయడం ఎవరి తరమూ కాదు. టాకాలు పడ్డాక అసలు కుట్టు. కొందరు నిలువు గీతల్లా వేస్తారు, కొందరు అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. చుట్టు కుట్టు చూడ్డానికి బాగుంటుంది, నిలువు కుట్టు త్వరగా అవుతుంది.

ఇక శ్రమ లెక్క. మీటరు పదిహేను సెంటీమీటర్ల వెడల్పులో ఒకటిన్నర సెంటీమీటరుకు ఒకటి చొప్పున డెబ్భై ఐదు వరుసలు. ఒక్కో వరుస ఆరడుగులు. అన్నీ కలిపితే దాదాపు 140 మీటర్ల కుట్టు. చేయి తిరిగిన మనిషి గంటకు ఏడు మీటర్లు కుడుతుందనుకున్నా ఇరవై గంటలు పడుతుంది. మధ్యాహ్నం పూట పనులయ్యాక నాలుగు గంటలు కూర్చుంటే ఐదు రోజులు. ఈ ఇరవై గంటలను గుర్తుంచుకుంటే, అమ్మకం సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

కుట్టుమిషన్ మీద ఎందుకు కాదని అడగొచ్చు. నాలుగు పొరలకు మించితే ఇంటి మిషన్ మొరాయిస్తుంది. పైగా మిషన్ పాదం పై పొరను ముందుకు నెడుతూ, కింది పొరను పళ్ళు వేరే వేగంతో లాగడం వల్ల అడుగు దాటగానే బట్ట ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది. రెండు మూడు పొరల పలచని పిల్లల బొంత వరకు మిషన్ ఫరవాలేదు.

బొంతతో నిజమైన ఇబ్బంది ఉతుకుడు. ఆరు పొరల నూలు నీళ్ళు తాగితే ఇద్దరు పట్టి పిండాలి, ఆరడానికి రెండు రోజులు మంచి ఎండ కావాలి. వానాకాలంలో తడిస్తే ముక్కవాసన ఖాయం. దీనికి సులువైన దారి, మీద ఇంకో పలచని చీరను తొడుగులా వేసి అంచుల వెంబడి మాత్రం పొడుగు టాకాలు వేయడం. నెలకోసారి టాకాలు విప్పి తొడుగొక్కటే ఉతుక్కోవచ్చు, బొంతను ఏడాదికోసారి ఎండకాలంలో చూసుకోవచ్చు. నడుమ ఒక పాలిస్టర్ చీర పడితే ఏమవుతుందనే అనుమానం రావచ్చు. అది తేమను పట్టుకోదు కాబట్టి చెమట దాటిపోక ఉక్కపోస్తుంది. ఉతికినప్పుడు నూలు కాస్త కుంచించుకుపోతే అది కుంచించుకోదు, దాంతో పైన బుడిపెలు లేస్తాయి. చలికాలంలో కప్పుకోవడానికే అయితే సర్దుకోవచ్చు, పరుచుకోవడానికి వద్దు.

కాళ్ళపట్టా, సంచి, మెత్త కవరు

జడ అల్లి చుట్టే కాళ్ళపట్టా చాలామంది మొదట పట్టే పని. దీనికి కాటన్ చీర ఉంటే కత్తెర కూడా పెద్దగా అక్కర్లేదు. అంచులో రెండంగుళాలకోసారి చిన్న గాటు పెట్టి చించితే పోగు వెంబడి నిటారుగా చిరుగుతుంది. జార్జెట్ లాంటివి అలా చిరగవు, కత్తిరించాలి, కత్తిరించిన చోటల్లా పోగులు రాలుతూనే ఉంటాయి. ఒక చీరలో రెండంగుళాల పీలికలు ఇరవైకి పైగా వస్తాయి. మూడేసి కలిపి జడ అల్లితే పొడవులో నాలుగో వంతు పైన అల్లికలో పోగా, పాతిక మీటర్ల పైచిలుకు జడ మిగులుతుంది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండే పట్టాలు ఒకటిన్నర నుంచి రెండు దాకా దిగుతాయి. జడను చుట్టుకుంటూ పక్కపక్క చుట్లను దబ్బనంతో కుట్టేటప్పుడు గట్టిగా గుంజితే పట్టా గిన్నెలా లేస్తుంది. వంపుల దగ్గర దారం వదులుగా ఉండాలి. మొదటి పట్టా దాదాపు అందరికీ గిన్నెలాగే వస్తుంది, విప్పి మళ్ళీ కుట్టుకోవడమే.

స్నానాల గది ముందు వేయడానికి పాత కాటన్ టీషర్టుల పీలికలు ఇంకా మేలు. చంకల కింది భాగాన్ని గుండ్రంగా ఒకే పొడుగు పీలికగా కోసి, రెండు చేతులా పట్టి గుంజితే అంచులు వాటంతట అవే లోపలికి చుట్టుకుంటాయి. నీళ్ళు బాగా పీలుస్తుంది. టైల్స్, గ్రానైట్ నేలల మీద ఏ పట్టా అయినా జారుతుంది. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే అడుగున నాలుగు మూలలా పాత సైకిల్ ట్యూబు ముక్కలు కుట్టేయాలి. తుంటి ఎముక విరిగాక ఎంత అందమైన పట్టా అయినా ఏం లాభం.

సంచి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2022 జూలై 1 నుంచి దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటి మీద నిషేధం ఉంది, ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచని క్యారీబ్యాగులూ వాడకూడదు. అంగడికి పోతే మాత్రం అవే కనిపిస్తాయి, ఎందుకంటే చేతిలో సంచి ఉండదు. జీన్స్ పిక్కల భాగంతో కుట్టిన సంచి ఐదారు కిలోల కూరగాయలు సులువుగా మోస్తుంది. తెగేది ఎప్పుడూ బట్ట కాదు, పిడి అతికిన చోటు. అక్కడ చదరంగా కుట్టి, దాని లోపల గుణకారం గుర్తులా రెండు అడ్డగీతలు కుట్టాలి. రేషన్ బియ్యానికి మాత్రం ఇది చాలదు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పంపిణీలో మనిషికి ఆరు కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి ఇరవై నాలుగు కిలోలు వస్తాయి. ఆ బరువుకు ఎప్పటిలాగే గోనెసంచే సరి.

అంగీతో మెత్త (దిండు) కవరు కుట్టడం వీడియోల్లో బాగా తిరిగే చిట్కా. గుండీల పట్టీయే మూతగా పనికొస్తుంది, జిప్పు అక్కర్లేదు. ఆలోచన చక్కనిదే. కానీ టేపు పెట్టి కొలిస్తే, చంకల కింద నుంచి అంచు దాకా చాలా అంగీల్లో పదిహేడు పద్దెనిమిది అంగుళాలకు మించి దొరకదు. పడుకునే మెత్త పొడవు ఇరవై ఏడు అంగుళాలు. కాబట్టి ఈ పద్ధతిలో వచ్చేది సోఫా మీద పెట్టే పదహారు అంగుళాల చదరపు కుషన్ కవరే. పడుకునే మెత్తకు చెద్దరు గట్టి పక్కలే మేలు.

చేను చుట్టూ చీరలు

పాలిస్టర్ చీరలను ఏం చేయాలన్నదానికి దక్షిణ తెలంగాణ రైతులు ఏ వీడియో చూడకుండానే ఒక జవాబు కనిపెట్టారు. పల్లి, మొక్కజొన్న చేల చుట్టూ కర్రలు పాతి, రంగురంగుల పాత చీరలు కడతారు. అడవి పందులు గాలికి కదిలే గుడ్డను చూసి, మనిషి వాసన పసిగట్టి వెనక్కి పోతాయని నమ్మకం. కొన్నాళ్ళకు అలవాటుపడి వచ్చేస్తాయి, అప్పుడు చీరల చోటు మారుస్తారు. కరెంటు తీగ పెట్టి మనుషుల ప్రాణాల మీదికి తెచ్చుకోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలైన కంచె. ఇక్కడ పాలిస్టర్ లోపాలే గుణాలు. వానకు కుళ్ళదు, త్వరగా ఆరుతుంది, తేలిగ్గా ఎగురుతుంది.

అయితే ఒక పంటకాలం దాటాక ఎండకు చీకి పీలికలు పీలికలుగా విడిపోతుంది. నూలు అయితే మట్టిలో కలిసేది. ఈ పోగులు కలవవు, దుక్కిలో నాగలి కర్రులకు చుట్టుకుంటాయి, చేలో మిగిలిపోతాయి. పంట తీసిన వెంటనే చీరలు విప్పి చుట్టి దాచుకుంటే వచ్చే ఏడాదికీ పనికొస్తాయి. విప్పే ఓపికే కరువు.

ఇంట్లో పాలిస్టర్‌కు తగిన పనులు దాని స్వభావం నుంచే వెతకాలి. అది నీళ్ళు పీల్చదు, కుళ్ళదు, తడిసినా బలం తగ్గదు. అంటే తాడుకు బాగుంటుంది. రెండు పీలికలను ఒకే వైపు మెలిపెట్టి, రెంటినీ కలిపి ఎదురు వైపు మెలిపెడితే విడిపోని తాడు అవుతుంది. దండెం కట్టుకోవచ్చు, నులక తెగిన మంచం అల్లుకోవచ్చు. కూలరుకు, కుట్టుమిషన్‌కు దుమ్ముపట్టని తొడుగులు, కిటికీ తెరలు, పండగ రోజు బయటికి తీసే చెద్దర్ల మూటకట్టు గుడ్డ, ఇలాంటివన్నీ దానికి తగిన పనులే. ఒంటికి తగిలేవీ, నిప్పు దగ్గరుండేవీ, నీళ్ళు తుడిచేవీ మాత్రం దానితో వద్దు.

నేత చీరల సంగతి వేరు

ఈ ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. ఇక్కడి పాత బట్టల మూటలో నేత చీరలు కూడా దొరుకుతాయి, వాటి కట్టుబడిని తెలుసుకుంటే రెండో బతుకు ఏమిటో అదే చెబుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు బట్ట మీద అద్దరు, నేతకు ముందే నూలుకు అద్దుతారు. అందుకే రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, తిరగమరగలు లేవు. అస్తరు వేయకుండానే టేబుల్ మీద పరిచే గుడ్డ, తలుపు తెర కుట్టుకోవచ్చు. అచ్చు వేసిన బట్టతో ఇది కుదరదు, దాని వెనకవైపు వెలవెలపోతుంది.

సంప్రదాయ గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. వేరువేరు పోగులతో నేసి కలిపిన ఆ రెండూ ఒకే వేగంతో అరగవు. ఒళ్ళు చినిగి, అంచు కొత్తదానిలా మిగలడం చాలా ఇళ్ళలో చూసేదే. అంచును కలుపు దగ్గర జాగ్రత్తగా కోసి తీస్తే గుమ్మానికి తోరణం, జాకెట్ చేతులు, దేవుడి గూటి ముందు తెర. మిగిలిన నూలు ఒళ్ళు బొంతకు పోతుంది. నారాయణపేట గళ్ళ చీర మెత్తదనం బొంత పై పొరకు మహా బాగుంటుంది, కాకపోతే ముదురు అంచు రంగు దిగుతుందేమో ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోవాలి. నూనె పట్టించిన నూలుతో నేసే, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలు లాంటిది మూటలో దొరికితే మాత్రం కత్తెర పక్కన పెట్టేయాలి. చిన్న చిరుగు ఉంటే రఫూ చేయించి దాచుకోవడమే పద్ధతి.

‘పాత పట్టుచీరలు కొంటాం’ అని మైకులో అరుస్తూ వచ్చేవాళ్ళకు ఇచ్చేముందు కూడా ఒక ఆలోచన మంచిది. వాళ్ళు కొనేది చీరను కాదు, అసలు జరీలో ఉన్న వెండిని. బరువు, జరీ రకం తెలియకుండా బేరమాడితే ఇంటివాళ్ళే నష్టపోతారు.

అమ్మితే గిట్టుతుందా

మహిళా సంఘాల శిక్షణల్లో, కుట్టు కేంద్రాల్లో ఇప్పుడు ఈ మాట వినిపిస్తోంది: పాత బట్టలతో వస్తువులు చేసి అమ్ముకోవచ్చు, ముడిసరుకు ఉచితం. ముడిసరుకు ఉచితమే కానీ గంటలు ఉచితం కావు. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. బొంతకు ఇరవై గంటలంటే రెండున్నర పనిదినాలు, అంటే ఆ కూలి లెక్కనే 750 రూపాయలు. దారం, సబ్బు, కరెంటు కలపకుండా ఇది. అంగడిలో మిల్లు దుప్పటి రెండు మూడు వందలకే దొరుకుతుంది. ధరలో దానితో పోటీపడాలని చూస్తే కుట్టిన మనిషి కూలిలో సగానికి పైగా వదులుకోవాలి. ఆ నష్టాన్ని ‘స్వయం ఉపాధి’ అని పిలవడం అన్యాయం. కాళ్ళపట్టాకూ ఇదే కథ. చీర చించి, అల్లి, కుట్టేసరికి ఒక పూట గడిచిపోతుంది, అంగడిలో కుప్ప పోసి అమ్మే పట్టా ధర దాని దరిదాపుల్లో ఉండదు.

సంచులు కొంత నయం, మిషన్ మీద అరగంటలో అయిపోతాయి. పెళ్ళిళ్ళకు తాంబూలం సంచులుగా వందల్లో ఆర్డరు దొరికితే పని నడుస్తుంది. అయితే అన్నీ ఒకే రంగులో, ఒకే కొలతలో అడుగుతారు. పాత బట్టల్లో అది దొరకదు. టైలర్ల దగ్గర మిగిలే కటింగ్ ముక్కలు అందుకు కొంతవరకు పనికొస్తాయి, అవి ఒకే తానులోవి కాబట్టి.

గిట్టే దారి నిజానికి పాతదే. ఊళ్ళలో బొంతలు కుట్టేవాళ్ళు ఎప్పుడూ బొంతలు అమ్మలేదు, కుట్టుకూలి తీసుకున్నారు. చీరలు ఇంటివాళ్ళవి, చేయి కుట్టేవాళ్ళది. ఈ పద్ధతిలో మిల్లు దుప్పటితో పోలికే రాదు, ఎందుకంటే ఇచ్చే చీరలు ఎవరివో ఇంటివాళ్ళకు తెలుసు. పోయిన తల్లి కట్టిన రెండు చీరలను బొంతగా కుట్టించుకోవాలనుకునే కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఉండొచ్చు, ఆమె అంగడి ధర అడగదు. ఇరవై గంటల కూలి, మీద కొంత అడిగినా ఇస్తుంది. సంఘాలు సరుకు తయారుచేసి పేర్చుకునే బదులు ఇలాంటి ఆర్డర్లు పట్టుకుంటే నిల్వ బెడద ఉండదు, అమ్ముడుపోలేదన్న టెన్షన్ ఉండదు.

అలాంటి ఆర్డరు తీసుకునేటప్పుడు ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చీరలు ఉతికి ఇస్తారా, కుట్టేవాళ్ళే ఉతకాలా. కట్టుడు మరకలు, చిరుగులు ఎక్కడున్నాయో వాళ్ళ ముందే విప్పి చూపించాలి. ఏ చీర పైకి రావాలో వాళ్ళే చెప్పాలి, ఆ చీర చీకిపోయి ఉంటే పైకి ఎందుకు పనికిరాదో చేత్తో లాగి చూపించాలి. పాలిస్టర్ ఉంటే వేరుగా కట్టి తిరిగి ఇచ్చేయాలి. వరుసల దూరం ఒక మూరెడు ముక్క మీద కుట్టి చూపించి ఒప్పించుకోవాలి, ఒకటిన్నర సెంటీమీటరు బదులు ఒక సెంటీమీటరు అడిగితే పని సగానికి సగం పెరుగుతుంది, కూలీ పెరగాలి. అంచుల నుంచి కోసిన జరీని, పక్కకు తీసిన ఫాల్ ముక్కలను కూడా బొంతతో పాటు మూటగట్టి అప్పగించాలి.